మా మరదలు విప్పిన ఇంజను

పోయిన నెల మా సంఘంలో నా మరదలి జ్ఞాపకార్థ కూడిక జరిగింది. మరదలంటే నా తమ్ముడి భార్య. ఒకరి తరువాత ఒకరు లేచి సాక్ష్యం చెప్పారు. సాత్వికురాలన్నారు, అతిథులను ఆదరించేదన్నారు, ఎవరింట జబ్బు చేసినా గడపలో ముందుగా కనిపించేది ఆమేనన్నారు. అన్నీ నిజమే. ఆమె గోళ్ళ కింది నలుపు గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమన్నారు. లేచి, ఆమె నాకంటే చాలా చిన్నదనీ, నాకంటే ముందు వెళ్ళిపోయిందనీ చెప్పి కూర్చున్నాను. దుఃఖంతో కూర్చుండిపోయాననుకుని పాస్టరమ్మగారు వచ్చి వీపు నిమిరారు. కూర్చుండిపోయిన మాట నిజమే గాని అది దుఃఖం వల్ల కాదు. ఇంతమంది ఆమెను ఇంతగా పొగుడుతుంటే, ఇదంతా నాన్న వింటే ఎంత పొంగిపోయేవాడో అనిపించింది. ఆ తలంపు రాగానే ఎన్నో ఏళ్ళ కిందటి కడుపుమంట మళ్ళీ మొదటినుంచి రాజుకుంది.

దేవుడు తనను తాను రోషముగలవాడినని చెప్పుకున్నాడు. ఆదివారపు బడిలో ఆ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒక పిల్ల, దేవుడికి కూడా అసూయ ఉంటుందా టీచర్ అని అడిగేది. ఇతరులది మనకు కావాలనుకుంటే అసూయ, మనది ఇతరులకు పోతుంటే ఓర్చుకోలేకపోవడం రోషం అని చెప్పేదాన్ని. నాది రోషమేనని ఇప్పటికీ నా వాదన. నాన్న నావాడు.

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల పని చేసేవాడు. ఒకడు బాయిలరు లోపల కూర్చుని రివిట్టును పట్టి ఉంచితే, బయటినుంచి ఇంకొకడు సుత్తితో కొట్టాలి. లోపల కూర్చునేది నాన్న. ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ చెవులు పోయాయి. నిమ్‌పురాలో మా క్వార్టర్ల వరసలో మగవాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే కొత్తగా వచ్చినవాళ్ళు కొట్లాటనుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. రిటైరయ్యేనాటికి నాన్నకు వినపడే గొంతు లోకంలో ఒక్కటే మిగిలింది. అది నాది.

మందిరంలో మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కదా. ఆడవాళ్ళ వరసలో నడవకు ఆనుకున్న చోటు నాది. పాస్టరుగారు కీర్తన సంఖ్య చెప్పగానే నేను వేళ్ళతో చూపించేదాన్ని, నాన్న పుస్తకం తిప్పేవాడు. కంఠమెత్తి పాడేవాడు గాని, సంఘమంతా ముగించి కూర్చున్నాక కూడా ఆయనొక్కడే చివరి చరణం పాడుతూ ఉండేవాడు. కుర్రకారు నవ్వేవాళ్ళు. హార్మోనియం నాదే, ఇంటినుంచి తీసుకెళ్ళి వాయించేది నేనే కాబట్టి ఆయన ముగించేదాకా మెట్లమీద వేళ్ళు తియ్యకుండా ఆగేదాన్ని. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి ప్రసంగమంతా మొదటినుంచి తిరిగి చెప్పేదాన్ని. అమ్మ గొంతు ఆయన చెవికి ఎక్కేది కాదు. తమ్ముడికి ఓపిక లేదు. నాకు వచ్చిన సంబంధాలను నేనే వద్దన్నాను. నాన్న చెవులను ఎవరికి అప్పజెప్పి పోతాను?

అలాంటి ఇంటికి ఆమె వచ్చింది.

ఆమె శ్రీకాకుళం వైపు ఒక మిషను ఆసుపత్రి పొలంలో పెరిగిన తల్లిలేని పిల్ల. వాళ్ళ నాన్న ఆ పొలంలో ట్రాక్టరు తోలేవాడు. తండ్రి బండి కిందికి దూరితే ఈ పిల్లా దూరేదట. అప్పటికి మేము క్వార్టరు ఖాళీ చేసి ఖరిదాలో పెద్ద పెరడున్న ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. వచ్చిన రోజున ఆమె మాట విన్నాను. మాట కాదు, గొణుగుడు. మంచి చెవులున్న మేమే "ఏటి?" అని రెండుసార్లు అడగవలసి వచ్చేది. నా మనసు కుదుటపడింది. ఈ గొంతుతో ఈ పిల్ల మా నాన్న దాకా రావడం కల్ల అనుకున్నాను.

ఆమె అరవడానికి ప్రయత్నమే చెయ్యలేదు. కూర వేడిగా ఉందని చెప్పాలంటే నాన్న చెయ్యి తీసుకుని గిన్నె అంచుకు తాకించేది. వాన వచ్చేలా ఉంటే ఆ చేతిని గోడకు ఆనించేది, చెమ్మ తెలియాలని. నాన్న తలాడించేవాడు. మామగారి చెయ్యి కోడలు అలా పట్టుకోవడమేమిటని అమ్మతో అన్నాను. కన్నకూతురు లాగుంది, పట్టుకుంటే ఏటయిపోతాది అంది అమ్మ. కన్నకూతురు ఎదురుగానే నిలబడి ఉందని ఆవిడకు గుర్తు రాలేదు.

ఏ వస్తువునయినా ఆమె అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో తాకి చూసేది. పసివాడి నుదురు, ఇడ్డెన పాత్ర మూత, ఆరేసిన దుప్పటి, ఒకసారి ఖాళీ మందిరంలో ప్రసంగ పీఠం కూడా. ఎందుకలా అని అడిగాను.

"అరసెయ్యి పని సేసి సేసి మొద్దయిపోతాది వదినా. ఎనకపక్క అబద్దమాడదు."

ఆమెకు ఇంకో మాట ఊతపదం: ఇప్పితేగాని తెల్దు. గుమ్మడికాయ కుళ్ళిందా అంటే అదే, ఆగిపోయిన గడియారాన్ని చూసినా అదే, పక్కింటి బెంగాలీ మొగుడూ పెళ్ళాం ఎందుకు మాట్లాడుకోవడం లేదన్నా అదే. కుటుంబ ప్రార్థనలో తన వంతు వస్తే, ప్రభువా నీకు తెలుసు, ఆమేన్ అని ఊరుకునేది. నేను క్రమం తప్పకుండా స్తుతితో మొదలుపెట్టి, ఒప్పుకోలు, విజ్ఞాపన, కృతజ్ఞత అన్నీ ముగించేసరికి దీపం వత్తి ఎగదొయ్యవలసి వచ్చేది. నా ప్రార్థనకు నాన్న ఆమేన్ ఎప్పుడూ మధ్యలో ఎక్కడో పడేది. ఆమె ప్రార్థనకు సరిగ్గా చివర పడేది. అంత చిన్న ప్రార్థన కదలిక పెదవుల మీద చూస్తే చాలు కదా. నాకది అప్పుడు తట్టలేదు. ఆమె ప్రార్థనే వినపడుతోందనుకుని మండిపోయాను.

మా సంఘానికి కాసై నది వైపు కొంత పొలం ఉండేది. దాన్ని దున్నడానికి ఎప్పుడో ఒక దొరగారు తెప్పించిన ఇనుప చక్రాల ట్రాక్టరు, ఆయన స్వదేశం వెళ్ళిపోయాక, రేకుల షెడ్డులో తుప్పు పట్టి పడి ఉంది. మేకలు దాని కింద ఈనేవి. ఆమె కాపురానికి వచ్చిన ఏడాది ఆ పొలంలో ప్రార్థన కూడిక పెట్టారు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆమేన్ అని నేను కళ్ళు తెరిచేసరికి ఆమె షెడ్డులో ఉంది. ఇంజనుకు చేతి వెనకవైపు ఆనించి, జ్వరం చూస్తున్నట్టు నిలబడింది. తరువాత వచ్చి నాన్న చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళి అదే చోట ఆనించింది.

రిటైరయినప్పటినుంచి నాన్న చేతులకు పని లేదు. ఆ ఇనుము మీద చెయ్యి పడగానే ఆయన వేళ్ళు వాటంతట అవే కదిలాయి. అతుకుల వెంట, బోల్టుల చుట్టూ, పగుళ్ళు వెతుకుతూ. అది పాత ఇనుముకు వేసేద్దామని పెద్దలు అప్పటికే అనుకున్నారు. నాన్న షెడ్డులోనుంచే అరిచాడు.

"ఇది సావలేదు. మాకియ్యండి."

కోత పండుగ నాటికి అది నడిస్తే సంఘం పొలానికి ఉంచుకోవచ్చని, లేకపోతే తూకానికి పోతుందని పెద్దలు ఒప్పుకున్నారు. రెండు జతల ఎద్దులను కట్టి లాగించుకువచ్చాం. చక్రాల మీది ఇనుప పళ్ళు మా వీధిని దున్నేశాయి. గోతుల్లో సైకిళ్ళు పడుతున్నాయని వీధివీధంతా మా ఇంటిముందు నిలబడి అరిచారు. నాన్నకు వినపడలేదు. ఆ ఒక్కరోజు అది ఆయనకు వరమయింది.

మా ఇంట్లో పొద్దు వాలాక అందరూ ఒకచోట కూర్చునేది కుటుంబ ప్రార్థనకే. దానికి కూడా నేను పిలవాలి. తమ్ముడు గడియారం చూసేవాడు, అమ్మ పొయ్యి మీద ఏదో ఉందనేది. ఇప్పుడు ఎవరూ పిలవకుండానే పెరట్లో పోగయ్యేవాళ్ళు. తమ్ముడు వర్క్‌షాపునుంచి వచ్చి టీ కూడా అక్కడే తాగేవాడు. అమ్మ గోనెపట్టా పరుచుకుని కిరసనాయిలులో బోల్టులు కడిగేది. పిస్టన్లు తుప్పుతో సిలిండర్లకు కరుచుకుపోతే వాటిలో నూనె పోసి, రోజుల తరబడి కర్రమొద్దు పెట్టి మెల్లగా తట్టారు. నాన్న తట్టేవాడు, ఆమె చేతి వెనకవైపు కింద ఆనించి ఉంచేది. కదిలినప్పుడు ఆయన ముంజేతిమీద ఒక్క దెబ్బ వేసేది. పెద్ద సుత్తి కావాలంటే పిడికిలి, పానా కావాలంటే రెండు వేళ్ళు. వారంలో మా తమ్ముడికీ అమ్మకూ కూడా ఆ సైగలు వచ్చేశాయి. అందరూ నాన్నతో మాట్లాడుతున్నారు. అమ్మయితే ఇన్నేళ్ళ కాపురంలో అంత మాట్లాడి ఉండదు. ఏదో సైగ చేసి తను నవ్వేది, ఆయన నవ్వేవాడు. నేను వరండాలో మా స్కూలు పిల్లల పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చునేదాన్ని. గొంతు అక్కర్లేని ఇల్లు ఎలా ఉంటుందో నా కళ్ళముందే తయారవుతోంది.

నాన్న నన్ను అమ్మీ అని పిలిచేవాడు. ఇంకెవరినీ అలా పిలిచేవాడు కాదు. ఒక సాయంత్రం పెరట్లోనుంచి "అమ్మీ, దీపమట్టుకో" అని వినపడింది. నేను లాంతరు తీసుకుని వెళ్ళేసరికి ఆమె అప్పటికే పట్టుకుని నిలబడింది. నావంక చూసి, ఇంకో దీపముంటే మంచిదే వదినా అని నాకు చోటిచ్చింది. లాంతరు అక్కడ పెట్టేసి వచ్చేశాను. అప్పటినుంచి ఆయన అమ్మీ అంటే ఇద్దరం తలెత్తేవాళ్ళం.

ఆదివారం పని ముట్టేవాళ్ళు కాదు. కాని ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రసంగం చెబుదామని వెళితే నాన్న పెరట్లో ఇంజను ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఇదేమిటని అడిగాను. పని సెయ్యకూడదుగాని సూడకూడదని ఎక్కడుంది అన్నాడు. సరే, అక్కడే చెబుదామని చెవి దగ్గరికి వంగాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "తర్వాత సెబుదువులే అమ్మీ." ఆ చేతి వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద నలుపు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకుంటున్నప్పుడు ఆమె గోళ్ళ కింద నేను చూసి ముఖం తిప్పుకున్న నలుపే.

ఆ నెల ఆదివారపు బడిలో పాఠం, ఎడారి ప్రయాణంలో తమ్ముడి భార్యను గురించి గొణిగిన అక్కది. దేవుడు నాతో కూడా మాట్లాడలేదా అని అడిగినందుకు ఆమె ఒళ్ళంతా తెల్లగా కుష్టు పొడిచింది. ఏడు రోజులు గుడారాలకు బయట ఉంచారు. పాఠాలను నేను ఎంచుకోలేదు, వరసలో వచ్చినదాన్ని చెప్పవలసిందే. ఒక పిల్ల లేచి, ఆ తమ్ముడి భార్య ఏం తప్పు చేసింది టీచర్ అని అడిగింది. అది రాసి లేదన్నాను. అక్క తిరిగి వచ్చేదాకా జనమంతా ప్రయాణం ఆపుకుని ఎదురుచూశారు అన్న ముక్కను తొందర తొందరగా చెప్పి గంట కొట్టించేశాను.

కోత పండుగ దగ్గర పడింది. ఇంజనులో వాల్వులని ఉంటాయి, పుట్టగొడుగుల్లా పొడుగు కాడా, గుండ్రటి తలా. ఒక్కొక్కటీ తన గుంటలో గాలి దూరకుండా కూర్చోవాలి. అలా కూర్చోవడానికి ఇసుకలాంటి పేస్టు రాసి, కర్ర తగిలించి, రెండు అరచేతుల మధ్య కవ్వంలా తిప్పి తిప్పి అరగదియ్యాలి. ఏ గుంటలో అరగదీసిన వాల్వు ఆ గుంటకే సరిపోతుంది. వాళ్ళు అన్నిటినీ అరగదీసి, చెక్కకు కన్నాలు పెట్టి వరసగా గుచ్చి, పక్కన సుద్దతో అంకెలు వేశారు.

మర్నాడు అమ్మ పండుగకని ఇత్తడి సామానంతా బయట పెట్టి తోమింది. చింతపండూ బూడిదా చేతిలో ఉన్నాయి కదా అని, మసిగా ఉన్నాయి పాపం అని, వాల్వులను కూడా చెక్కలోనుంచి లాగి తోమేసింది. చెక్కను కూడా కడిగేసింది. సాయంత్రం చూసేసరికి తట్టలో, చెంబుల పక్కన, పొడుగ్గా పొట్టిగా తన కంటికి నచ్చిన వరసలో బోర్లించి ఉన్నాయి. అద్దాల్లా మెరుస్తున్నాయి.

తమ్ముడు తల పట్టుకున్నాడు. అమ్మ ముఖం మాడిపోయింది. "నాను తప్పు సేసినానేటే?" అని కోడలినే అడిగింది.

ఇప్పుడు ఈ పిల్ల ఏడుస్తుంది, లేకపోతే ఒక పుల్లవిరుపు మాటయినా అంటుంది అని నేను వరండాలోనుంచి చూస్తున్నాను. చూడాలనే ఉంది నాకు. ఆమె ఒక వాల్వును ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది. నవ్వు ఆపుకోలేక కూలబడిపోయింది.

"అత్తా, ఇలగ మెరిసీ వాల్వులు ఈ ఖరగ్‌పూర్‌లోనే లేవు. తప్పేటి లేదు. మళ్ళీ తిప్పాల, అంతే. ఏ ఇంటిదైనా ఓపిగ్గా తిప్పితే కుదురుతాది. నాను కుదర్లేదేటి?"

అమ్మ కూడా నవ్వింది. అందరూ తలా ఒకటి తీసుకుని తిప్పడం మొదలుపెట్టారు. అమ్మ మజ్జిగ చిలికే చేతులతో అందరికంటే బాగా తిప్పింది. రెండు సాయంత్రాలు ఆ గరగర తప్ప పెరట్లో ఇంకో చప్పుడు లేదు. మూడో రోజు నేను స్కూలునుంచి వచ్చేసరికి వాళ్ళు చేతులు కడుక్కుని ఊరికే కూర్చుని ఉన్నారు. అరగదియ్యని వాల్వు ఒకటి నా పీట మీద ఉంది. కర్ర దాని పక్కనే ఉంది. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు తీరిక లేదన్నాను. అమ్మ అంది, "నీ కోసం ఆగినాం."

పుస్తకాలు లోపల పెట్టి వచ్చి, వాల్వును దాని గుంటలో పెట్టి తిప్పాను. నాకోసం కాదు, వాళ్ళకోసం కాదు, నాన్న చూస్తున్నాడని. అరచేతులు మంటెత్తేదాకా తిప్పాను. ఆమె వచ్చి వాల్వు మీద కిరసనాయిలు పోసి చూసింది. ఒక్క చుక్క కిందికి దిగలేదు. చేతి వెనకవైపుతో నా మణికట్టును తాకి, కుదిరింది వదినా అంది. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం ఆమె చేతిలోనుంచి వచ్చినందుకు ఒళ్ళు మండింది.

పండుగ ముందురోజు పొద్దున్న దాన్ని నడిపించారు. తమ్ముడు ముందు హ్యాండిలు తిప్పాడు. అది తుమ్మి ఊరుకుంది. రెండోసారి హ్యాండిలు వెనక్కి తన్ని వాడి చేతిని విసిరికొట్టింది. ఆమె ఎక్కడో ఒక మరను రవ్వంత జరిపి, ఈపాలి నెమ్మదిగా తిప్పమంది. అంటుకుంది. నల్లటి పొగ, కోళ్ళు గోడ దాటి ఎగిరిపోయాయి, పక్కింటి బెంగాలీ ఆవిడ గోడమీదినుంచి "చోల్ఛే, చోల్ఛే", నడుస్తోంది నడుస్తోంది అని చప్పట్లు కొట్టింది. ఆవిడ మొగుడు పక్కనే నిలబడి నవ్వుతున్నాడు. అమ్మ స్తోత్రం స్తోత్రం అంటోంది. నాన్న ఒక్కడే మధ్యలో నిలబడి మా ముఖాలు చూస్తున్నాడు. మందిరంలో అందరూ కూర్చున్నాక తనొక్కడే పాడుతున్నానని తెలిసినప్పుడు ఆయన ముఖం అలాగే ఉండేది. నేను పరిగెత్తాను. చెవిలో చెబుదామని, నడుస్తోంది నాన్నా అని. ఇంజను చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు.

ఆమె పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, కర్రపిడిని తన చెవికి పెట్టుకుని లోపలి చప్పుడు వింటోంది. నాన్న చెయ్యి చాచాడు. తీసుకుని తన చెవికి పెట్టుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఆమె దాన్ని తీసుకుని, పిడిని తన పళ్ళతో కరిచి చూపించి, కొంగుతో తుడిచి ఆయనకిచ్చింది. ఆయన కరిచాడు.

మొన ఇంజనుకు తగిలింది, చప్పుడు పళ్ళగుండా ఎముకలోకి పాకింది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మొనను జరిపాడు, ఇంకొంచెం జరిపాడు, నాలుగు సిలిండర్ల దగ్గరా ఆగాడు. పిడిని నోట్లోనుంచి తీసి, ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"నాలుగూ పలుకుతున్నాయే అమ్మీ!"

ఇద్దరం తలెత్తాం. ఆయన ఆమెనే చూస్తున్నాడు.

మర్నాడు ట్రాక్టరు మీద ప్రథమ ఫలాల గంపలు పెట్టుకుని మందిరానికి వెళ్ళారు. వరి, గుమ్మడికాయలు, ఒక కోడిపుంజు. ఆ ఊరేగింపును గురించి ఇప్పటికీ పెద్దవాళ్ళు చెప్పుకుంటారు, కాబట్టి నేను చెప్పనక్కర్లేదు. నేను చెప్పవలసింది ఆ మధ్యాహ్నం సంగతి. భోజనాలయ్యాక ఇంట్లో హార్మోనియం ముందు కూర్చున్నాను. ప్రసంగం చెప్పడానికి వెళ్ళలేదు. వద్దని ఒకసారి అనిపించుకున్నది చాలు. నాన్న చెయ్యి పట్టుకుని ఆమె లోపలికి తీసుకువచ్చి నాకెదురుగా కూర్చోబెట్టింది. స్క్రూడ్రైవరును సబ్బుతో కడిగి పిడికి శుభ్రమైన గుడ్డ చుట్టింది. మొనను హార్మోనియం చెక్కకు ఆనించింది.

"వాయించు వదినా."

ఇన్నేళ్ళు ఆయన చెవిలో అరిచిన దాన్ని. ప్రతి ఆదివారం ఆయనకు వినపడని పాట వాయించిన దాన్ని. ఈ ఆలోచన నాకు రావాలి. నేను కూతుర్ని. నాకు తట్టలేదు, దీనికి తట్టింది. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కాని నాన్న అప్పటికే పిడి కరిచి, పరీక్షకు కూర్చున్న పిల్లవాడిలా నావంక చూస్తున్నాడు.

ఆయనకిష్టమైన కృతజ్ఞతా కీర్తన వాయించాను. మొదటి చరణం ఊరికే విన్నాడు. రెండో చరణానికి, పళ్ళ మధ్య కర్ర ఉండగానే, ముక్కుతో రాగం తియ్యడం మొదలుపెట్టాడు. నేను పల్లవికి వస్తే ఆయనా వచ్చాడు. నేను ఆగితే ఆయనా ఆగాడు. ఇద్దరం ఒకేసారి ముగించడం నా జీవితంలో అదే మొదటిసారి.

పిడి తీసి, నాన్న నన్నే చూసి మాట్లాడాడు. "బాగుందే అమ్మీ. ఒక మెట్టు గరగరమంటంది. నీకినపడదేటి?"

ఆ మెట్టు పాడయి చాలాకాలమయింది. మంచి చెవులతో సంఘమంతా వింటోంది, ఎవరూ పట్టించుకోలేదు. ఆమె చెయ్యి అప్పుడే హార్మోనియం మూత మీదికి వచ్చేసింది. "ఇప్పితేగాని..." అనబోయింది.

"దీన్ని ముట్టుకోకు" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఠీక్ హై వదినా అని నవ్వేసింది. తరువాత ఎన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నా మళ్ళీ ఆ మూతమీద చెయ్యి వెయ్యలేదు. ఆ మెట్టు ఈ ఆదివారం కూడా గరగరమంది. మిగిలినవన్నీ ఆమె విప్పింది, బిగించింది. ఇది నాది.

ఆ ట్రాక్టరు కొన్నేళ్ళు సంఘం పొలం దున్ని, పొలంతోపాటే చేతులు మారిపోయింది. నాన్న చివరిరోజుల్లో మంచం దిగలేకపోయాడు. హార్మోనియాన్ని మంచం పక్కకు జరిపి వాయించేదాన్ని. ఆయన పళ్ళు కదిలిపోయాయి, చేతుల్లో పట్టు లేదు. పిడిని ఆయన దవడ ఎముకకు ఆనించి, మొనను నా హార్మోనియానికి ఆనించి, ఆమె మా ఇద్దరి మధ్య కింద కూర్చునేది. పాట ముగిసేదాకా కదిలేది కాదు. నేను వాయించిన ప్రతి కీర్తనా ఆమె చేతి మీదుగానే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన పోయిన రోజున కూడా. పాట మధ్యలో ఆయన ఆగిపోయిన సంగతి ఆమెకు ముందు తెలిసింది, చేతికి తెలిసింది. నేను ఇంకా వాయిస్తూనే ఉన్నాను. ఆమె ఆపమనలేదు. చరణం పూర్తయ్యాక పిడిని తీసి ఒడిలో పెట్టుకుంది.

జ్ఞాపకార్థ కూడికలో ఇవన్నీ చెప్పగలిగితే చెప్పేదాన్నేమో. సాక్ష్యం అంటే కృతజ్ఞత చెప్పాలి. నాకు ఆమె పట్ల కృతజ్ఞత ఉంది. దాని కింద ఇంకోటి కూడా ఉంది, అది మైకు ముందు చెప్పేది కాదు. ఈ వయసులో నా మోకాళ్ళ ప్రార్థనలో దాని సంగతి వచ్చినప్పుడు నాకూ క్రమం తప్పుతుంది. ప్రభువా నీకు తెలుసు అని ఆగిపోతాను. ఆగిపోయాక, ఈ మాట కూడా ఆమెదే కదా అని గుర్తొస్తుంది.

పరలోకంలో చెవిటివారి చెవులు విప్పబడతాయని మాకు వాగ్దానం ఉంది. నేను దాన్ని నమ్ముతాను. నాన్న అక్కడ అన్నీ వింటున్నాడు. నేను పెద్దదాన్ని గనుక ముందు నేనే వెళతానని, ఇన్నేళ్ళ ప్రసంగాల్లో ఆయన వినకుండా చెయ్యి అడ్డం పెట్టిన ఆ ఒక్కటీ వెళ్ళగానే చెప్పాలని అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆమె ముందుగా చేరుకుంది. ఈపాటికి ఆయన పక్కన కూర్చుని ఉంటుంది. ఆమె మెల్లగా ఏదో అంటూ ఉంటుంది, ఆయనకు రెండోసారి అడగనక్కర లేకుండా వినపడుతూ ఉంటుంది. నేను వెళ్ళేసరికి వాళ్ళ మాటలు చాలా దూరం వెళ్ళిపోయి ఉంటాయి. నాకు మొదటినుంచి ఎవరు చెబుతారు?